బొమ్మ సంగతి ఫ్లాట్స్ దగ్గరే తేలిపోతుంది

కొన్నేళ్ల క్రితం ఒక చిత్రకారిణి, తాను నలుపు తెలుపుల్లో గీసిన చిన్న మాంగాలోంచి, అంటే జపాన్ తరహా బొమ్మల కథలోంచి ఒక పేజీని నాకు పంపి, రంగులు వేసిపెట్టమని అడిగారు. కథలో అది వాన పడుతున్న రాత్రి. రైలు ప్లాట్‌ఫారం చివర ఒక అమ్మాయి ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఆమె వెనుక, పేజీలో దాదాపు మూడో వంతు మేర చిక్కటి నలుపు పరుచుకుని ఉంటుంది. ఆ నలుపును చీలుస్తూ సన్నటి తెల్లని వానధారలు దిగుతుంటాయి. ఆ పేజీ మీద నేను పది రోజులు కూర్చున్నాను. వానధారల్లో ఒక్కొక్కదానికీ మెరుపు దిద్దాను, తడిసిన జుట్టుకు మూడు అంచెల నీడలు వేశాను, నల్లటి ఆకాశాన్ని ముదురు నీలం నుంచి ఊదాలోకి జారే గ్రేడియెంట్‌గా మార్చాను, దీపాల చుట్టూ వెలుగు వలయాలు చుట్టాను. ఫైలులో లేయర్లు, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన పొరలు, నలభై దాటాయి. పంపిన మర్నాడు ఆమె నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది: "చాలా శ్రమపడ్డారని తెలుస్తోందండీ. కానీ నేను గీసిన రాత్రి ఇందులో కనిపించడం లేదు."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మొదట అది అభిరుచి తేడా అని సర్దిచెప్పుకున్నాను. తర్వాత అసలు పేజీనీ నా పేజీనీ పక్కపక్కన పెట్టి చూస్తూ, తప్పు ఎక్కడ మొదలైందో వెనక్కి వెతుక్కుంటూ పోతే, అది మెరుపుల దగ్గరా నీడల దగ్గరా దొరకలేదు. మొదటి గంటలోనే, ఫ్లాట్స్ అనే చదును రంగులు వేసేటప్పుడే జరిగిపోయింది. ఆ తర్వాతి పది రోజుల శ్రమంతా ఆ తప్పుకు వేసిన అలంకారం. అప్పటినుంచి నేను గట్టిగా నమ్ముతున్నదీ, ఇక్కడ వాదించదలచుకున్నదీ ఇదే: లైన్ ఆర్ట్‌కు, అంటే గీతలతో గీసిన బొమ్మకు, డిజిటల్‌గా వేసే రంగు మంచిచెడ్డలు ఫ్లాట్స్ దశలోనే నిర్ణయమైపోతాయి. అక్కడ నిలబడని పేజీని తర్వాత వేసే ఏ నీడా, ఏ మెరుపూ నిలబెట్టలేదు. అక్కడ నిలబడిన పేజీకి వాటి అవసరం మనం అనుకునేదానికన్నా చాలా తక్కువ.

ఫ్లాట్స్ అంటే, నీడా మెరుపూ లేకుండా, జుట్టుకు ఒక రంగు, చొక్కాకు ఒక రంగు, గోడకు ఒక రంగు చొప్పున ప్రతి ప్రాంతాన్నీ ఒకే చదునైన రంగుతో నింపడం. లైన్ ఆర్ట్‌ను అన్నిటికన్నా పై లేయర్‌లో మల్టిప్లై మోడ్‌లో పెట్టి, దాని కింద రంగులు వేస్తాం. మల్టిప్లై చేసే పని పేరులోనే ఉంది: పై లేయర్ విలువను కింది లేయర్ విలువతో గుణిస్తుంది. తెలుపును 1 అనుకుంటే దానితో గుణించినది మారదు కాబట్టి కాగితం తెలుపు మాయమై కింది రంగు కనిపిస్తుంది. నలుపు సున్నా కాబట్టి దాని కింద ఏ రంగు ఉన్నా గీత నల్లగానే నిలుస్తుంది. డిజిటల్ కలరింగ్ అంతా ఈ చిన్న గుణకారం మీద నిలబడి ఉంది. గీత చెక్కుచెదరదు అనే భరోసా ఇందులో ఉంది; గీత ఎలాగూ చెదరదు కదా అని కింద ఏమైనా చేసేయవచ్చనే భ్రమ కూడా ఇందులోనే పుడుతుంది.

ప్రాంతాలను విడదీసే పనికి ఒక క్రమశిక్షణ ఉంది. ప్రాంతాన్ని చుట్టి ఎంచుకునే లాసోకూ, పెన్సిల్‌కూ, రంగు నింపే బకెట్‌కూ అంచులను నునుపు చేసే యాంటీ ఏలియాసింగ్ తీసేయాలి. అంచులు మెత్తగా కనిపించాలనే ఆశతో దాన్ని ఉంచితే, రెండు రంగులు కలిసే చోట రెండింటికీ చెందని మధ్యరకం పిక్సెళ్లు పుట్టుకొస్తాయి. తర్వాత ఎప్పుడైనా ఆ చొక్కా ఒక్కదాన్నే ఎంచుకుందామంటే, చుట్టూ సన్నటి పాత రంగు అంచు మిగిలిపోతుంది. అంచు గరుకుగా ఉన్నా పైన నల్లటి గీత దాన్ని కప్పేస్తుంది కాబట్టి భయపడనక్కర లేదు. అదే కారణంతో రంగును గీత లోపలి అంచు దగ్గర ఆపకుండా గీత మధ్యదాకా, అంటే ఒకటి రెండు పిక్సెళ్లు లోనికి తీసుకెళ్లాలి. పెద్ద ఆకారాలు ముందు, చిన్నవి తర్వాత. ఈ ఫ్లాట్స్ లేయర్‌ను చివరిదాకా ముట్టుకోకూడదు. నీడలైనా వెలుగులైనా దాని పైన వేరే లేయర్లలో వేసుకుని, ఏ ప్రాంతం కావలసివస్తే దాన్ని ఫ్లాట్స్ నుంచి, ఒకే రంగున్న చోటును పట్టే మ్యాజిక్ వాండ్‌తో ఎంచుకోవాలి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు ఈ పనిలో చాలా భారం తగ్గించాయి. క్లిప్ స్టూడియో పెయింట్‌లో లైన్ ఆర్ట్ లేయర్‌ను రిఫరెన్స్‌గా పెట్టుకుంటే, బకెట్ ఆ గీతలను చూసుకుంటూ మరో లేయర్‌లో రంగు నింపుతుంది. గీతల మధ్య చిన్న ఖాళీలున్నా రంగు బయటికి కారకుండా మూసేస్తుంది. క్రీటా 4.0లో, 2018లో వచ్చిన కలరైజ్ మాస్క్‌లో ప్రతి ప్రాంతంలోనూ ఒక చిన్న రంగు గీత గీస్తే చాలు, మిగతాది అదే పంచుకుంటుంది. గింప్‌కు కూడా 2019లో గీతలను గుర్తించి నింపే బకెట్ వచ్చింది. ఈ పనిముట్లను నేను సంతోషంగా వాడుతున్నాను.

సరిగ్గా ఇక్కడే నా వాదనకు మొదటి అభ్యంతరం వస్తుంది. ఫ్లాట్స్ యాంత్రికమైన పని కదా, అమెరికన్ కామిక్స్ రంగంలో దాన్ని రంగులు వేసే కలరిస్టులు ఫ్లాటర్లు అనే సహాయకులకు అప్పగిస్తారు కదా, ఇప్పుడు యంత్రమే చేస్తోంది కదా, అలాంటి పనిలో బొమ్మ మంచిచెడ్డలు తేలడమేమిటి అని అడుగుతారు. ఇందులో రెండు పనులను ఒకే పేరుతో పిలవడం వల్ల వచ్చిన చిక్కు ఉంది. ప్రాంతాలను విడదీయడం ఒక పని. అది నిజంగానే యాంత్రికం. చాలామంది ఫ్లాటర్లు అందుకోసం నోటికొచ్చిన రంగులు వాడి, గడ్డిని గులాబీ రంగులోనూ ముఖాన్ని ఆకుపచ్చలోనూ నింపి పంపుతారు, ఎందుకంటే పక్కపక్క ప్రాంతాలు వేరుగా ఉంటే చాలు. విడదీసిన ఆ ప్రాంతాలకు అసలు రంగు నిర్ణయించడం రెండో పని. ఏ ప్రాంతం ఎంత వెలుగుగా ఉండాలి, ఏది ఎంత చీకటిగా ఉండాలి, చూపు ముందు ఎక్కడ పడాలి అన్నవి అక్కడ తేలతాయి. నేను ఫ్లాట్స్ అంటున్నది ఆ రెండో పనినే.

ఈ రెండో పని ఒక్కటే కలరిస్ట్ చేతిలో ఉన్న కాలం చాలాకాలం నడిచింది. పాత అమెరికన్ కామిక్స్‌లో సియాన్, మజెంటా, పసుపు ఇంకులను ఒక్కోదాన్ని నాలుగు మోతాదుల్లో, అంటే అసలు లేకుండా, 25 శాతం, 50 శాతం, 100 శాతం చొప్పున మాత్రమే వాడేవారు. నాలుగును మూడుసార్లు గుణిస్తే 64 రంగులు. కలరిస్ట్ కాగితపు నకలు మీద రంగులు వేసి, ప్రతి ప్రాంతం పక్కనా దాని కోడ్ రాసి పంపితే, ప్లేట్లు తయారుచేసే చోట మరెవరో ఆ ప్రాంతాలను చేత్తో కోసి విడదీసేవారు. గ్రేడియెంట్ అన్న మాటకు చోటే లేదు. చవక కాగితం మీద ఇంకు పీల్చుకుపోయేది. 1962లో హల్క్ పాత్ర మొదటి సంచికలో బూడిద రంగులో ఉండి, ఆ బూడిద పేజీ పేజీకీ ఒక్కోలా అచ్చయ్యేసరికి, రెండో సంచికకే ఆకుపచ్చగా మారిపోయింది. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఆ కలరిస్టులు రాత్రిని రాత్రిగా, మంటను మంటగా, భయాన్ని భయంగా చూపించారు. అరవై నాలుగు చదును రంగులతో సాధ్యమైనది, కోటీ అరవై ఏడు లక్షల రంగులు చూపే తెర ముందు కూర్చుని నాకు సాధ్యం కాలేదంటే, లోపం పనిముట్ల కొరతలో లేదని తెలుస్తూనే ఉంది.

లోపం వెలుగుచీకట్లలో ఉంది. రంగు అనగానే మనకు ఎరుపా నీలమా అన్న ప్రశ్నే ముందు వస్తుంది. కంటికి మాత్రం ముందు అందేది అది ఎంత వెలుగు, ఎంత చీకటి అన్నది. బొమ్మలో ఆకారాలు విడివడేదీ, దూరం తెలిసేదీ, చూపు ఒక చోటికి లాగబడేదీ ప్రధానంగా దానివల్లే. ఆ వాన పేజీని నేను తర్వాత నలుపు తెలుపుల్లోకి మార్చి చూసుకున్నప్పుడు నాకు నోట మాట రాలేదు. అసలు పేజీలో పూర్తి నలుపు మీద పూర్తి తెలుపుగా కోసినట్టు దిగుతున్న వానధారలు, నా పేజీలో ఒక మధ్యరకం బూడిద మీద మరో మధ్యరకం బూడిదగా నీరుగారి ఉన్నాయి. ఊదా ఆకాశం అందంగానే ఉంది, కానీ అది నలుపుకన్నా చాలా తేట. దాని మీద వాన కనిపించడం కోసమే నేను ధారధారకూ మెరుపు పెట్టాల్సివచ్చింది. నలుపును నలుపుగా వదిలేసి ఉంటే ఆ మెరుపుల్లో ఒక్కటీ అవసరమయ్యేది కాదు.

ఇలా నలుపు తెలుపుల్లోకి మార్చి చూసుకునే అలవాటున్నవారు కూడా ఒక పొరపాటు చేస్తుంటారు. ఫోటోషాప్‌లో డీశాచురేట్ ఆజ్ఞ ఇస్తే, అది ప్రతి పిక్సెల్‌లోని ఎక్కువ తక్కువ విలువల సగటు తీసుకుంటుంది. దాని లెక్కలో స్వచ్ఛమైన పసుపూ స్వచ్ఛమైన నీలమూ రెండూ ఒకే బూడిద, 128 అయిపోతాయి. కంటికి అవి రెండు కొసల్లో ఉంటాయి. తెర మీద కనిపించే ప్రకాశంలో ఆకుపచ్చ కాంతి వాటా సుమారు 72 శాతం, ఎరుపుది 21 శాతం, నీలానిది 7 శాతం మాత్రమే. అందుకే ఎరుపూ ఆకుపచ్చా కలిసిన పసుపు తెల్లదనానికి దగ్గరగానూ, నీలం చీకటికి దగ్గరగానూ కనిపిస్తాయి. అన్నిటికన్నా పైన బూడిద రంగుతో నింపిన ఒక లేయర్‌ను కలర్ మోడ్‌లో పెట్టుకుని, కావలసినప్పుడు ఆ లేయర్‌ను చూపి దాచే కన్ను గుర్తును తెరిచి మూస్తూ ఉంటే కంటి లెక్కకు దగ్గరి బూడిదలు కనిపిస్తాయి. ఫ్లాట్స్ వేస్తున్నంతసేపూ నేను దాన్ని తెరుస్తూనే ఉంటాను. ఆ బూడిద బొమ్మ దూరం నుంచి, చిన్నదిగా చూసినా చదవగలిగేలా లేకపోతే నీడల లేయర్ జోలికి వెళ్లను.

ఒకే లైన్ ఆర్ట్‌కు రెండు వేరువేరు నిర్ణయాలు ఏం చేస్తాయో చూడాలనుకునేవారికి మంచి ఉదాహరణ ఒకటి ఉంది. 1988లో వచ్చిన 'బ్యాట్‌మన్: ద కిల్లింగ్ జోక్' బొమ్మలు బ్రయన్ బోలండ్ గీశారు, రంగులు జాన్ హిగిన్స్ వేశారు. హిగిన్స్ రంగులు ఊదాలూ నారింజలూ పసుపులతో గాఢంగా, జ్వరం వచ్చిన మనిషి చూసే లోకంలా ఉంటాయి. ఇరవై ఏళ్ల తర్వాత, 2008లో, బోలండ్ తన పేజీలకు తానే కొత్తగా రంగులు వేశారు. అవి చల్లగా, అణకువగా ఉంటాయి. గతం చెప్పే పేజీలు దాదాపు నలుపు తెలుపుల్లో సాగుతూ, అక్కడక్కడా ఏదో ఒక వస్తువు మాత్రమే ఎరుపులో కనిపిస్తుంది. గీత ఒకటే, కథ ఒకటే. హిగిన్స్ పుస్తకంలో గతమూ వర్తమానమూ ఒకే పిచ్చిలో ఉన్నట్టనిపిస్తే, బోలండ్ పుస్తకంలో గతం ఎక్కడో దూరంగా గడ్డకట్టుకుని ఉన్నట్టనిపిస్తుంది. రెండింటిలో ఏది మేలన్న వాదన పాఠకుల్లో ఇప్పటికీ ఉంది. గీసినవారి ఉద్దేశానికి నేను గౌరవమిస్తాను, అయినా నాకు హిగిన్స్ రంగులే ఇష్టం. అయితే నా వాదనకు కావలసింది ఆ ఇష్టం కాదు. రెండు పుస్తకాల మధ్య తేడా చెప్పమంటే మనం నీడలు ఎంత నునుపుగా వేశారన్నది చెప్పం. ఏ పేజీ ఏ రంగులో మునిగి ఉందన్నదే చెబుతాం. ఆ తేడా చదును రంగుల దగ్గరే ఉంది.

మాంగా విషయానికి వస్తే చిక్కు ఇంకా లోతుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ పేజీలో వెలుగుచీకట్ల నిర్ణయం మనకంటే ముందే ఎవరో చేసేసి ఉంటారు. జపాన్‌లో వారపత్రికలు చవక కాగితం మీద ఒకే ఇంకుతో అచ్చయ్యేవి కాబట్టి, మాంగా చిత్రకారులు రంగు లేకపోవడాన్ని లోటుగా భావించకుండా, ఉన్న నలుపు తెలుపులతోనే పూర్తి భాష తయారుచేసుకున్నారు. ముద్దగా నింపిన నలుపును అక్కడ బెతా అంటారు. మెరుపు గీతలు వదిలి నింపిన జుట్టు నలుపును త్సుయాబెతా అంటారు. బూడిద కావలసిన చోట స్క్రీన్‌టోన్ అంటిస్తారు. చుక్కలు అచ్చయిన పల్చటి అంటుకునే పొరను బ్లేడుతో కావలసిన ఆకారంలో కోసి అంటించేవారు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లోనే వేస్తున్నారు. అంగుళానికి 60 వరుసల చుక్కలుండే టోన్ బాగా వాడుకలో ఉన్నది. అలాంటి పేజీ మన చేతికి వచ్చినప్పుడు అది రంగు కోసం ఎదురుచూస్తున్న ఖాళీ బొమ్మ కాదు. దానిలో ప్రతి చుక్కకూ ఒక పని ఉంది. రంగు వేయడమంటే ఆ పనుల్లో కొన్నిటిని చుక్కల చేతుల్లోంచి తీసుకుని రంగుకు అప్పగించడం.

అందుకే మాంగా పేజీ తీసుకోగానే నేను రంగు డబ్బా ముట్టుకోకుండా టోన్లు చదువుతాను. ఒకే రకం చుక్కలు మూడు వేరువేరు పనులు చేస్తుంటాయి. చొక్కా మీద ఉన్న టోన్ ఆ చొక్కా తెల్లది కాదని చెబుతుంది. అది వస్తువు సొంత రంగు. గడ్డం కింద, మడతల్లో ఉన్న టోన్ అక్కడికి వెలుగు చేరలేదని చెబుతుంది; అది నీడ. ప్యానెల్ (పేజీలోని ఒక గడి) మొత్తాన్నీ కప్పిన టోన్, లేదా మనిషి వెనుక పైనుంచి కిందికి పలచబడే టోన్, సాయంత్రమనో, ఇది జ్ఞాపకమనో, ఆ మనిషి గుండె జారిపోయిందనో చెబుతుంది, అది గాలి. మూడింటినీ ఒకే తీరుగా చూసి, చుక్కలన్నీ తుడిచేసి రంగులు వేస్తే పేజీ మూగబోతుంది. తుడవకుండా వాటి మీదే రంగు వేస్తే, టోన్ చేసిన నీడ మీద మళ్లీ మన నీడ పడి ముఖాలు మసిబారతాయి. సొంత రంగును చెప్పే టోన్‌ను పూర్తిగా తీసేసి, అదే వెలుగు స్థాయిలో ఉన్న ఒక రంగును ఫ్లాట్‌గా పెట్టాలి. టోన్ 30 శాతం బూడిద అయితే ఎంచుకున్న రంగు కూడా నలుపు తెలుపుల్లో సుమారుగా అంతే బూడిదగా మారాలి. నీడను చెప్పే టోన్‌ను ఒక మల్టిప్లై లేయర్‌లోకి, అదే ఆకారంలో, అదే కరుకు అంచుతో మార్చాలి. గాలిని చెప్పే టోన్‌కు మాత్రం ఒకే సూత్రం లేదు. అది మొత్తం ప్యానెల్ పాలెట్‌ను మార్చవచ్చు, ఒక్కోసారి చుక్కలను చుక్కలుగానే ఉంచి వాటికి నలుపుకు బదులు రంగు ఇస్తే సరిపోవచ్చు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సమయం ఈ మూడో రకం టోన్ ముందు కూర్చుని, ఇది ఏం చెబుతోందని కథను మళ్లీ మొదటి నుంచి చదువుకునే సమయమే.

టోన్ తీయడం మాత్రం ఓర్పును పరీక్షించే పని. చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసేదాకా గాసియన్ బ్లర్‌తో మసకబరిచి, వెలుగుచీకట్లను సర్దే లెవెల్స్‌తో తెల్లగా కొట్టేయవచ్చు గానీ, దాంతోపాటే కనురెప్పల చివర్లూ, జుట్టు కొసలూ కొట్టుకుపోతాయి. అంగుళానికి 600 పిక్సెళ్లకు (600 డీపీఐ) తగ్గకుండా స్కాన్ చేసిన పేజీ ఉంటే చుక్క ఏదో గీత ఏదో పరిమాణాన్ని బట్టి విడదీయడం కొంత సులువవుతుంది. చిన్న పరిమాణంలోకి కుదించిన పేజీ అయితే చుక్కలు అప్పటికే మొయరే పట్టి అలలు అలలుగా మారిపోయి ఉంటాయి. అలాంటిదాన్ని బాగుచేయడంకన్నా కొత్త లేయర్‌లో గీతలను చేత్తో తిరిగి గీసుకోవడమే మేలు. సాధ్యమైన చోటల్లా చిత్రకారులను టోన్ లేని ఫైలు ఒకటి, టోన్ ఉన్నది ఒకటి, రెండూ అడగాలి. మొదటిది రంగు వేయడానికి, రెండోది చదవడానికి.

నలుపు గురించి ఇంకొంత చెప్పాలి. నల్లటి జుట్టును నీలంగానో గోధుమ రంగుగానో మార్చాలన్న కోరిక రంగు వేసే ప్రతివారికీ కలుగుతుంది, ఎందుకంటే బెతా ఉన్న చోట మనం చేయడానికి ఏమీ మిగలదు. కానీ ఆ జుట్టు నలుపు చాలాసార్లు పేజీకి లంగరు. ఎదురు ప్యానెల్‌లోని తలుపు నలుపుతో, కింది ప్యానెల్‌లోని బూట్ల నలుపుతో కలిసి అది చూపును మెట్లు దించినట్టు దించుతుంది. దాన్ని తేలిక చేస్తే ఆ మెట్టు విరుగుతుంది. పైగా నలుపు మీద ఏమీ చేయకపోయినా దాని పక్కన పెట్టిన రంగు దాన్ని మారుస్తూనే ఉంటుంది. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల విభాగానికి అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ దగ్గరికి, నల్ల రంగు అద్దకం బలహీనంగా వస్తోందన్న ఫిర్యాదు వచ్చింది. ఆయన పరిశీలిస్తే అద్దకంలో లోపం లేదు, పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్ల నలుపు అలా కనిపిస్తోంది. పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో వివరిస్తూ ఆయన 1839లో గ్రంథమే ప్రచురించారు. మనం రంగులు వేసే ప్రతి పేజీలోనూ ప్రతి రంగు పక్కనా నల్లటి గీత ఉంటుంది. ఊదా ఆకాశం ముందు ఆ అమ్మాయి నల్లటి కోటు ఎందుకు మాసినట్టు కనిపించిందో నాకు షెవ్రోల్ సంగతి చదివాకే అర్థమైంది.

తెల్లదనమూ అంతే. మాంగాలో మాటలు ఆగిపోయే చోట నేపథ్యాన్ని ఖాళీగా వదులుతారు. అది గోడా కాదు, ఆకాశమూ కాదు. దాన్ని గోడగానో ఆకాశంగానో భావించి రంగు నింపితే, ఆగిన క్షణం మళ్లీ నడక మొదలుపెడుతుంది. ఆ చోట నేను తెలుపునే ఉంచుతాను, లేదా పేజీలో మిగతా రంగులకు కొంచెం వెచ్చగా తోడుండే లేత రంగు ఒకటి, ఏ ఆకారమూ లేకుండా, పరుస్తాను.

నీడల దగ్గరకు వస్తే, సాధారణంగా కనిపించే తప్పు గీత చెప్పిన మాటనే రంగుతో మళ్లీ చెప్పడం. ముక్కు పక్కన చిత్రకారుడు నాలుగు సన్న గీతలు గీశాడంటే నీడ అక్కడ ఉందని అప్పుడే చెప్పేశాడు. దాని మీద మనం మెత్తటి ఎయిర్‌బ్రష్ నీడ వేస్తే ఆ నాలుగు గీతలు ముఖం మీది ముడతలుగా మారిపోతాయి. అంతకన్నా ఘోరం, చిత్రకారుడు వెలుగు ఎడమ నుంచి వస్తోందని గీస్తే, మనం అలవాటుగా కుడి నుంచి వేసేయడం. గీతలో వెలుగు దిక్కు ఉంటుంది: ఏ వైపు గీత లావుగా ఉంది, ఏ వైపు తెగిపోయి ఉంది, నలుపు ఏ పక్కన గుమిగూడింది అన్నవి చూస్తే తెలుస్తుంది. నేను ఇప్పుడు నీడకు ఒకే లేయర్, ఒకే రంగు, కరుకు అంచు అనే నియమం పెట్టుకున్నాను. అది చాలని పేజీ చెబితే తప్ప రెండోది తెరవను.

ఇదంతా విని, పెయింటింగ్‌లా నీడలూ మెరుపులూ దిద్ది రెండరింగ్ చేసిన పేజీలను పాఠకులు ఎంతగానో ఇష్టపడుతున్నారు కదా అని అనేవారున్నారు. నిజమే, వాటిలో నేను అమితంగా ఇష్టపడేవీ ఉన్నాయి. అవి బాగుండడానికి కారణం, వాటి గీత ఆ రంగు కోసమే గీసినది కావడం. అక్కడ చిత్రకారులు నీడలు గీయరు, నలుపు నింపరు, ఆకారం చుట్టూ సన్నటి గీత మాత్రం ఇచ్చి లోపలంతా రంగుకు వదిలేస్తారు. మొదటి నుంచీ రంగుల్లోనే, ఫోన్ తెర కోసమే తయారయ్యే కొరియన్ వెబ్‌టూన్లలో ఇది చాలాచోట్ల చూస్తాం. ఖాళీగా వదిలిన గీత రంగును పిలుస్తుంది. నిండుగా గీసిన గీత రంగును పక్కకు తప్పుకోమంటుంది. ఏ గీత ఏమంటోందో వినకుండా అన్నిటికీ ఒకే రెండరింగ్ పూయడం మీదనే నా అభ్యంతరం. నిండుగా గీసిన గీతకు కూడా గొప్పగా రంగు వేయవచ్చని 1988 నుంచి ఎపిక్ సంస్థ ప్రచురించిన 'అకిరా' ఇంగ్లీషు సంచికలు చూపించాయి. కత్సుహిరో ఒటోమో నలుపు తెలుపుల్లో గీసిన ఆ బృహత్తర మాంగాకు స్టీవ్ ఒలిఫ్ కంప్యూటర్‌తో రంగులు వేశారు. కంప్యూటర్ రంగులతో క్రమంగా వెలువడిన తొలి కామిక్స్‌లో అది ఒకటి. నగరపు రాత్రిని ఆయన ఒక్కో దృశ్యానికి ఒక్కో రంగులో ముంచారు, గీతను మాత్రం ఎక్కడా పోటీకి పిలవలేదు.

ఇక తనంతట తాను రంగులు వేసే కృత్రిమ మేధ గురించి. జపాన్‌కు చెందిన ప్రిఫర్డ్ నెట్‌వర్క్స్ 2017లో పెయింట్స్‌చైనర్‌ను విడుదల చేసినప్పుడు నేనూ నా గీతలు అందులో వేసి చూశాను. జుట్టుకు ఒక చుక్క రంగు ఇస్తే క్షణాల్లో నీటి రంగుల్లా మొత్తం పరిచేసింది. అప్పటినుంచి ఇలాంటివి చాలా మెరుగయ్యాయి. ఇక ముందూ మెరుగవుతాయి. నా ఫిర్యాదు నాణ్యత గురించి కాదు. నేను ప్రయత్నించినంతలో ఇవన్నీ ఒక ప్యానెల్‌ను ఒక అందమైన బొమ్మగా చూసి, దానికి నీడలూ మెరుపులూ గ్రేడియెంట్లూ ఒకేసారి ఇచ్చేస్తున్నాయి. అంటే నేను ఆ వాన పేజీలో చేసిన తప్పునే, పది రోజులకు బదులు పది సెకన్లలో చేస్తున్నాయి. నాకు కావలసింది దానికి ముందు దశ: ఈ కోటు మూడో పేజీలో గదిలో కనిపించిన కోటే, ఇక్కడ దీపం పచ్చగా ఉంది కాబట్టి ఇంత మసకగా ఉండాలి, పదో పేజీలో ఆమె దాన్ని వదిలేసి వెళ్తుంది కాబట్టి అప్పటిదాకా పాఠకుడికి అది గుర్తుండాలి అన్న నిర్ణయం. అది ఒక ప్యానెల్‌లో దొరికేది కాదు. ప్రాంతాలు విడదీసే యంత్రాన్ని నేను పక్కన కూర్చోబెట్టుకుంటాను. రంగు నిర్ణయించే కుర్చీ మాత్రం, కథ మొత్తం చదివి, దాన్ని గీసిన మనిషితో మాట్లాడగలిగినవారిది.

అచ్చుకు వెళ్లే పేజీ గురించి ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాను. ఫైలును సీఎంవైకేలోకి, అంటే అచ్చులో వాడే సియాన్, మజెంటా, పసుపు, నలుపు ఇంకుల లెక్కలోకి మార్చేటప్పుడు గీతల నలుపు నాలుగు ఇంకుల మిశ్రమంగా మారిపోతే, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా ప్రతి గీతకూ రంగుల నీడ పడుతుంది. గీతలను నల్ల ఇంకు ఒక్కదానితోనే, 100 శాతంతో, రంగుల మీద పడేలా ఉంచాలి. గీత కిందికి రంగును తీసుకెళ్లమని ముందు చెప్పిన ఆ రెండు పిక్సెళ్ల విలువ అప్పుడు తెలుస్తుంది.

ఆ వాన పేజీని కొన్ని నెలల తర్వాత నేను మళ్లీ మొదటి నుంచి వేశాను. ఆకాశాన్ని ఆమె నింపిన నలుపుగానే ఉంచాను. వానధారలను కాగితం తెలుపుగానే వదిలేశాను. కోటు మీది టోన్ తీసేసి, అంతే బూడిదకు సరితూగే ఇటుక ఎరుపు పెట్టాను. ప్లాట్‌ఫారం మీద పరుచుకున్న టోన్ గాలిని చెప్పే టోన్ అని ఈసారి అర్థమైంది కాబట్టి, దాని చుక్కలను చుక్కలుగానే ఉంచి దీపపు కాంతి రంగు ఇచ్చాను. మొత్తం తొమ్మిది రంగులు, ఒకే ఒక నీడ లేయర్ అయ్యాయి. ఒక మధ్యాహ్నంలో పని పూర్తయింది. ఆమెకు పంపితే, ఈసారి జవాబులో మాటలేవీ లేవు. కథలోని తర్వాతి పేజీ, టోన్ ఉన్న ఫైలు ఒకటి, లేనిది ఒకటి, జతచేసి ఉన్నాయి.